పగిలేవే కావాలి

తారానగర్,
ఫిబ్రవరి ఆఖరు, ఆదివారం సాయంత్రం.

నా బంగారు కొడుకు కెన్నెత్‌కు, నీ నాయన సాలొమోను వేయి ముద్దులు పెట్టి వ్రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం, మీ అమ్మ కృపమణి క్షేమం, గోడ మీద చెట్లు క్షేమం. నువ్వు ఎట్లున్నావని అడగను. ఎట్లున్నా సరే, మే నెలలో ఇంటికి వస్తున్నావు!

వకీలు ఆ మాట చెప్పిన వెంటనే నేను సండూరు బస్టాండులో మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం అన్నాను. చుట్టూ ఉన్న జనం నాకు మూర్ఛ వచ్చిందనుకున్నారు. ఎవరో ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టారు. నా కళ్ళలో నీళ్ళు ఉల్లిగడ్డవో సంతోషానివో నాకే తెలియలేదు నాయనా.

జైలు ఫోన్‌లో నీ మాట నా చెవుటి చెవికి ఈగ పాట లాగ వినిపిస్తుంది. అందుకే జాబులే మేలు. అక్కడ తెలుగు చదవగలిగిన వార్డరు ఒక్కరే ఉన్నారని, ఆయన చదివాకనే నీ చేతికి ఇస్తారని రాశావు. అయ్యా వార్డరుగారూ, మీకు కూడా నా వందనాలు. చదివేటప్పుడు మీరూ సంతోషించండి.

నువ్వు వచ్చేనాటికి గోడ పొడుగునా పూలు ఉండాలని పెయింటు డబ్బాలు, నూనె డబ్బాలు అన్నీ దులిపి మన్ను నింపాను. కనకాంబరం పెట్టాను, మల్లె కొమ్మలు నాటాను. లారీలు లేపే ఎర్ర దుమ్ము ఆకుల మీద పేరుకుంటే చెట్టుకు ఊపిరి ఆడదు. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుస్తాను, నీ చిన్నప్పుడు ముక్కు తుడిచినట్టు.

ఒక సంగతి దాచుదామనుకున్నాను గాని సంతోషంలో నా చేయి ఆగదు. ఉచ్చెంగమ్మ ఉంది కదా, నువ్వు గని దగ్గర లారీల వరుసలో జాకీ రాడ్డుతో తల పగలగొట్టి చంపిన హులిగప్ప తల్లి. నువ్వు వస్తున్నావని ఆమెకూ తెలిసింది. అప్పటినుంచి మేము ఆదివారం చర్చికి పోయినప్పుడు వచ్చి, గోడ మీది డబ్బాలు తన్ని కింద పడేసి పోతోంది. తగరం డబ్బాలు పగలవు కదా, సొట్ట పడతాయి. నేను మళ్ళీ మన్ను ఎత్తి పెడతాను. పోయిన వారం ఎంత గట్టిగా తన్నిందంటే ఆమె కాలి బొటనవేలి గోరు ఊడిపోయింది. మన డబ్బా మీద నెత్తురు. మన గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మం దాకా నెత్తురు చుక్కలు.

నేను కూర్చుని ఆలోచించాను. పాపం, ఎంత తన్నినా పగలని దాన్ని తన్నితే మనిషికి ఏం తీరుతుంది? నేరుగా చోరనూరు పోయి కుమ్మరి పాపి దగ్గర సన్నటి మట్టి కుండలు తెచ్చాను. తాకితే పెళ్ళున పోయేవి.

“తాతా, చెట్లకైతే మందం కుండీలు తీసుకపో. ఇవి ఇంటికి తీసుకపోయేవి కాదు” అంది పాపి.

“మందానివి నాకెందుకమ్మా? నాకు పగిలేవే కావాలి” అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, గడ్డిలో చుట్టి ఇచ్చింది. ఒక్కొక్కదానికి అడుగున మేకుతో మెల్లిగా తూటు పొడిచాను. నాలుగు పగిలాయి, మిగతావి నిలిచాయి. వాటిలోకి చెట్లు మార్చాను. ఆమె గుండెలో ఉన్నదంతా ఈ కుండల మీద పోవాలి కెన్నెత్. నువ్వు వచ్చే పొద్దుకు ఆమె దగ్గర ఇంక ఏమీ మిగలకూడదు. ఎట్లుంది నా తెలివి!

నీ నాయన,
సాలొమోను.


బళ్ళారి జైలు,
మార్చి నడుమ.

నాయనకు,

జాబు అందింది. వార్డరు అయ్య చదివి నవ్వాడు. “మీ నాయనకు వందనాలు చెప్పప్పా, ఉల్లిగడ్డ కథ మా ఇంట్లో కూడా చెప్పినా” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మన గోడ మీది చెట్లను ఒకరు తన్నిపోతుంటే నువ్వు ఇంకా బాగా పగిలేవి కొనుక్కొచ్చి పెడతావా? రెండో చెంప చూపమని ప్రభువు చెప్పాడు. ఆ చెంపకు పౌడరు పూసి చూపమని చెప్పలేదు.

హులిగప్ప వరుస తప్పించి నా లారీకి అడ్డం వచ్చాడు. అమ్మను తిట్టాడు. నేను కొట్టాను. చచ్చాడు. దానికి శిక్ష పడింది, అనుభవించాను. ఇంక వాళ్ళకు మన గోడతో ఏం పని?

ఇక్కడ సంగతి చెప్తాను, నీకు తెలియాలి. పోయిన వారం కుళాయి దగ్గర జగడమైంది. ఒకడు అన్నం పళ్ళెం అంచును బండ మీద నూరి దాచుకున్నాడు. దాంతో నా పక్కన పడుకునే వాడి చెంప చెవి దాకా చీల్చాడు. నెత్తురు నా చొక్కా మీద పడింది. నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చేయి ఎత్తితే మే నెల పోతుంది. ఆ రాత్రంతా వాటిని చంకల్లోంచి తియ్యకుండానే పడుకున్నాను. భయంతో కాదు.

గేటుకు తాళం వెయ్యి. నేను వచ్చాక మన గోడ మీద ఎవరి కాలు పడుతుందో, ఆ కాలు ఎట్లా తిరిగి పోతుందో చూస్తాను.

కెన్నెత్.


తారానగర్,
మట్టల ఆదివారం.

నా ప్రాణమా, కెన్నెత్,

తాళం వెయ్యమన్నావు. తాళం వేస్తే ఆమె ఎట్లా వస్తుంది? చెట్లు వేరు పట్టేదాకా కుండలను ఇంటి వెనకే ఉంచి, ఈ పొద్దే కొన్ని గోడ మీద పేర్చాను. ఈరోజు మీ అమ్మను ఒక్కదాన్నే చర్చికి పంపి, నేను తలుపు వెనక దాక్కున్నాను. నా కుండల సంబరం నేను చూడొద్దా!

ఎండ ఎక్కే వేళకు వచ్చింది. కొత్త కుండలు చూసి నిలబడిపోయింది. దగ్గరికి వచ్చి ఒకదాని అంచు వేలితో తడిమింది. కుండ ఎత్తి అడుగున తూటు చూసింది. ఆహా, నచ్చాయి అనుకున్నాను. అప్పుడు ఒక్క అరుపు అరిచింది చూడు, వీధి కుక్కలన్నీ గమ్మున అయిపోయాయి. మొదటి కుండను తలపైకెత్తి బండ మీద కొట్టింది. రెండోది మన తలుపుకు కొట్టింది. నా ముక్కు ముందర తలుపు అదిరింది. కనకాంబరం చెట్టు మొదలు పట్టుకుని, ఆకులన్నీ రాలేదాకా గడపను బాదింది. వరసగా ఒక్కటి మిగలకుండా కొట్టింది. చేతుల్లో పెంకులు దిగి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. అబ్బా, ఏం బలం! అరవై దాటిన మనిషి!

నేను బయటికి వచ్చాను. “నిదానమమ్మా, చెప్పులన్నా వేసుకో, పెంకులు గుచ్చుకుంటాయి.”

“ఏమప్పా సాలొమోనప్పా! ఇవి పెట్టమని ఎవరు చెప్పినారు నీకు? జైల్లోనించి నీ కొడుకు చెప్పి పంపినాడా?”

“లేదమ్మా, నాకే తోచినాది. నీ కోసమనే తెచ్చినా. ఇంకా ఉండాయి, ఇంటి వెనక.”

“నా కోసమా? ఇంకా ఉండాయా? మీ ఇంట్లో తలా ఒకటి తెచ్చి పెట్టుకున్యావా?” అని నా ముఖం మీద ఉమ్మింది.

వీధి కుళాయి దగ్గర రుద్రేశ్ నిలబడి చూస్తున్నాడు, హులిగప్ప చిన్నాయన కొడుకు. నేను చేయి ఊపాను. అతను ఊపలేదు.

ముఖం కడుక్కుని సంతోషంగా కూర్చున్నాను. ఒక్క పూటలో ఎంత కోపం బయటికి పోయింది! మీ అమ్మ మాత్రం చర్చి నుంచి వచ్చి నా మీద పడింది. “ఇదో, నాకు మొగుడు ఉండాడా, మతి చెడిన కుమ్మరోడు ఉండాడా? ఆయమ్మకంటే కడుపు మంట. ఆ మల్లె చెట్టు ఏం పాపం చేసినాది, తల్లివేరు తెగి పడుండాది?” అని పెంకులు ఏరుతూ ఏడ్చింది. పెంకులన్నీ పొడి చేసి కుండల అడుగున వేసుకుంటే నీరు బాగా దిగుతుందని చెప్పి ఓదార్చాను. ఏదీ వృథా కాదు.

వచ్చే ఆదివారం వెనకవి ముందు పెడతాను. నువ్వు వచ్చేలోగా ఆమె ఖాళీ అయిపోవాలి, అంతే నా ప్రార్థన.

నీ నాయన.


తారానగర్,
ఈస్టరు అయిన వారం.

నా కన్నా,

అక్షరాలు చూసి భయపడొద్దు. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ వయసులో రెండో చేయి చదువుకుంటోంది, ఎంత గొప్ప సంగతి! చెట్లకు నీళ్ళు పోస్తూ తడి బండ మీద కాలు జారింది. కుడి మోచేయి కొంచెం విరిగింది. కట్టు కట్టారు. అంతే.

ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నం కుండ ముట్టుకుంటే చేయి కాలుతోంది. మీ అమ్మ పాత చీర పందిరిలా కట్టి, కొబ్బరి పీచు తడిపి మొదలు చుట్టూ పరిచింది. మిగిలింది ఒక్క మల్లె కుండ. తల్లివేరు తెగిన ఆ మల్లెనే నాటాను. చిగురు పెట్టింది కెన్నెత్! దేవునికి స్తోత్రం. ఇంటి వెనక దాచాను.

నొప్పి లేదు. సంతోషమే.

నాయన.


బళ్ళారి జైలు,
ఏప్రిల్ ఆఖరు.

నాయనా,

నువ్వు కాలు జారి పడలేదు. చోరనూరు మనిషి ఒకడు కొత్తగా మా బ్యారక్‌కు వచ్చాడు. మీ ఊర్లో అందరికీ తెలిసిన సంగతే అని చెప్పాడు. ఈస్టరు పొద్దున నువ్వు గోడ మీద మళ్ళీ కుండలు పేరుస్తుంటే రుద్రేశ్ వచ్చాడంట. చేతిలో జాకీ రాడ్డు. “ఇదే కదా మీ ఇంటి ఆయుధం, రుచి చూడు ముసలోడా” అన్నాడంట. మొదటి దెబ్బ నువ్వు మోచేత్తో ఆపావు. రెండో దెబ్బ కిందపడిన చేతి మీదనే కొట్టాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చిందంట. పోలీసులు అడిగితే జారిపడ్డానని చెప్పావంట. నాకు రాసిన అబద్ధమే వాళ్ళకూ చెప్పావు.

ఇంకొకటి విను. ఆ మనిషి కడుపు పట్టుకుని నవ్వుతూ అడిగాడు, “మీ నాయన సావు కుండల్లో పూలు పెంచుతాండాడంట కదా?” అని.

నాయనా, అవి చావు కుండలు. వాళ్ళల్లో మనిషిని కట్టెల మీద పెట్టాక కొడుకో తమ్ముడో కుండలో నీళ్ళు నింపి భుజం మీద పెట్టుకుని మూడు చుట్లు తిరుగుతాడు. వెనక ఒకడు కత్తి మొనతో చుట్టుకొక తూటు పొడుస్తాడు. నీళ్ళు కారిపోతాయి. కడకు కుండను వెనక్కి వదిలేసి, పగిలిన చప్పుడు విని, తిరిగి చూడకుండా పోతాడు. ఆ కుండలకు తూటు పొడిచి, పూలు పెట్టి, చచ్చినవాడి తల్లి కళ్ళ ఎదుట నువ్వు వరసగా పేర్చావు. ఆమె ఉమ్మిందంటే ఉమ్మదా?

తెలియక చేశావు. తెలియక చేసినవాడి ఎముక విరగ్గొట్టినవాడికి మాత్రం నేను చేసేది తెలిసే చేస్తాను. జైలు గేటు దాటాక నేను ముందు మన ఇంటికి రాను. రుద్రేశ్ ఇంటికి పోతాను. మళ్ళీ ఇక్కడికే రావలసి వస్తే వస్తాను. వార్డరు అయ్య ఇది చదువుతాడని తెలుసు. చదవనీ.

కెన్నెత్.


తారానగర్,
మే మొదటి వారం.

కెన్నెత్, నా బిడ్డా,

ఈ జాబు ఎడమ చేత్తో రెండు పూటలుగా రాశాను. తొందర పడకుండా చదువు.

నీ జాబు చదివి మీ అమ్మను అడిగాను. “నాకేం తెలుసు? మనం వాళ్ళ సావుకు వీధి మలుపు దాకనే కదా పోయేది” అంది. నిజమే. ఇన్నేళ్ళూ పక్కింట్లో ఉండి, వాళ్ళ శవం వెనక మలుపు దాకా నడిచి, చేతులు కట్టుకుని తిరిగి వచ్చినవాళ్ళం. సుడుగాట్లో కాల్చేటప్పుడు ఏం చేస్తారో ఎన్నడూ చూడలేదు.

కట్టు చేయి మెడకు వేసుకుని ఉచ్చెంగమ్మ ఇంటికి పోయాను. మీ అమ్మ నా కండువా పట్టి లాగింది, “ఇంకొక చెయ్యి మిగిలుండాదని పోతాండావా?” అని. పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని మచ్చు కొడవలితో కంప నరుకుతోంది. నన్ను చూసి నరకడం ఆపలేదు.

“ఉచ్చెంగమ్మా, ఆ కుండలు ఏందివో నాకు తెలీదు. మావాళ్ళు పెట్టె మట్టిలో దించి, పాట పాడి వస్తారు. మాకు కుండ లేదు. నవ్వాలని పెట్టలేదమ్మా. తగరం డబ్బాకు నీ గోరు ఊడినాదని, పగిలేవి తెచ్చినా.”

ఆమె చేయి ఆగింది.

“నా గోరు ఊడినాదని కుండలు తెచ్చినావా? నువ్వు పిచ్చోడివి సాలొమోనప్పా.”

“అట్లనే అంటాది కృపమణి కూడా.”

అప్పుడు చెప్పింది నాయనా. హులిగప్ప తల ఆసుపత్రిలో కోసి, కుట్టి, తెల్లగుడ్డలో మూట కట్టి ఇచ్చారంట. తల్లికి ముఖం కూడా సరిగా చూపలేదు, చూపడానికి ముఖం లేదు. డ్రైవర్లు కొట్టుకుంటారని బందోబస్తు పెట్టి ఆ పూటే కాల్చమన్నారు. కొడుక్కి పెళ్ళి కాలేదు, మొగుడు ముందే పోయాడు. కుండ మోయవలసిన రుద్రేశ్ నీ లారీకి నిప్పు పెట్టబోయి ఠాణాలో ఉన్నాడు. “జల్దీ జల్దీ అని నా బిడ్డను కట్టెల మీదికి తోసిరి. కుండ లేకనే కాలినాడు. ఎవురూ వాన్ని పో అని సాగనంపలే. ఈడనే తిరుగుతాండాడు, నా వాకిట్లోనే. గిన్నె దొర్లినా వాడే అనిపిస్తాది” అంది.

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మచ్చు అంచు వేలితో చూసుకుంటూ అంది:

“రుద్రేశ్ ఇప్పుడు మోస్తా అంటాడు. నేను వద్దన్యా. సంపినోడే మోయల్ల. నీ కొడుకు వచ్చి, నా కొడుకు కాలిన తావున కుండ ఎత్తుకోని మూడు సుట్లు తిరగల్ల. ఎనక నేను నడుస్తా. తూట్లు నేనే పొడుస్తా, దీంతోనే.”

“కుండ మీదనే కదమ్మా పొడుస్తావు?”

“అది నాకు తెలీదప్పా. ఆ పొద్దు నా చెయ్యి ఏం చేస్తాదో నాకే తెలీదు.”

నేను ఇంటికి వచ్చాను. భయం ఉంది, సంతోషమూ ఉంది. రెండూ ఒక్క చేత్తోనే పట్టుకున్నాను, రెండోది కట్టులో ఉంది కదా. ఎందుకు సంతోషమంటే, ఇన్ని నెలలుగా ఆమెకు ఏం కావాలో నాకు తోచింది నేను పెట్టాను. ఇప్పుడు ఆమె నోటితోనే విన్నాను.

నా చేయి చీము పట్టింది. బళ్ళారి ఆసుపత్రిలో కోసి ఇనుప కడ్డీ వేయాలంట. నువ్వు విడుదలయ్యే రోజు నేను అదే ఊళ్ళో మంచం మీద ఉంటాను. అయినా నా దగ్గరికి రావొద్దు! నా చేయి చూస్తే నీ కాళ్ళు రుద్రేశ్ ఇంటికే పోతాయి. ముందు ఊరికి పో. రెండు దారులు ఉన్నాయి, ఒకటి అతని ఇంటికి, ఒకటి సుడుగాటికి. బలవంతం చేయను. మచ్చు కింద మెడ పెట్టమని కొడుకుతో చెప్పే నాయన ఎవడు? కాని ఇంటి వెనక పాపి కుండ ఒకటి మిగిలి ఉందని మాత్రం చెప్తున్నాను.

వార్డరు అయ్యా, వాడి కోపం జాబును పైవాళ్ళకు చూపకుండా నాకు పంపారు, దయచేసి ఈ జాబు కూడా ఆలస్యం చేయకండి.

సాలొమోను.


తారానగర్,
మే ఆఖరు.

నాయనకు,

బతికే ఉన్నాను. ముందు అది రాయమని అమ్మ పక్కన కూర్చుని పోరుతోంది.

బళ్ళారి బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల దుకాణం ముందు నిలబడ్డాను. రాడ్లు బయటే ఆనించి పెట్టారు. ఒకటి చేత్తో ఎత్తి బరువు చూశాను. దుకాణం సాయిబు “ఏ లారీకి భాయ్?” అన్నాడు. లారీ లేదు అని పెట్టేసి బస్సెక్కాను. ఎందుకు పెట్టేశానో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి గోడ బోడిగా ఉంది. మూలన పెంకుల కుప్ప. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి, ముఖం తడిమి, అన్నం పెట్టింది. తిన్నాక వెనక్కి పోయి మల్లె కుండ తెచ్చాను. చెట్టు లాగితే రాలేదు, వేర్లు కుండను లోపల చుట్టూ పట్టుకుని ఉన్నాయి. కత్తితో అంచు వెంబడి కోశాను.

“మే నెల ఎండలో చెట్టు మారుస్తారా ఎవరన్నా? సస్తాది అది” అంది అమ్మ.

“చావనీమ్మా. కుండ కావల్ల.”

“చర్చిలో అయ్యగారు అడిగితే ఏం చెప్పల్లరా నేను?”

“కుండ పగిలినాదని చెప్పు.”

మల్లెను నూనె డబ్బాలో పెట్టి, తడిగుడ్డ కప్పి, కుండ కడుక్కుని పోయాను.

సుడుగాట్లో ఆమె ఒక తావున గరిక పీకి, రాళ్ళు పేర్చి ఉంచింది. చేతిలో మచ్చు. కొంచెం ఎడంగా రుద్రేశ్, కాలి దగ్గర రాడ్డు. నీ ఎముక గుర్తొచ్చింది. నా చేతిలో కుండ లేకపోతే ఆ చేయి ఏం చేసేదో చెప్పలేను.

ఆమె నన్ను చూడలేదు. కుండను చూసింది. బిందెతో నీళ్ళు నింపింది. నువ్వు మేకుతో పొడిచిన తూటులోంచి అప్పుడే నీళ్ళు కారడం మొదలైంది. “ఒక తూటు నీ నాయన ముందే పెట్టిండాడు. అది లెక్కలో లేదు. నడువు” అంది.

ఎడమ భుజం మీద పెట్టుకుని నడిచాను. వీపు మీద నీళ్ళు. వెనక ఆమె అడుగులు. మొదటి చుట్టు కాగానే మచ్చు మొన నా చెవి పక్కన గాలి కోసింది, కుండకు తగిలింది. నీళ్ళు మెడ మీద పడ్డాయి. రెండో చుట్టుకు మచ్చు చెవిని కోసుకుంటూ పోయి కుండలో దిగింది. చన్నీళ్ళ నడుమ వేడిగా కారింది, నెత్తురని అప్పుడు తెలిసింది. రుద్రేశ్ “ఇంగొంచెం ఇవతలికి పెద్దమ్మా!” అని అరిచాడు.

నాయనా, నేను దేవుణ్ణి తలుచుకోలేదు. నా రాడ్డు దిగినప్పుడు హులిగప్ప తల చేసిన చప్పుడూ, ఆ మచ్చు దిగినప్పుడు కుండ చేసిన చప్పుడూ ఒకటే. ఇన్నేళ్ళు మరిచిపోయానని అనుకున్న చప్పుడు చెవి పక్కనే విన్నాను.

మూడో చుట్టు కాగానే ఆమె కొట్టలేదు. నిలబడ్డాను. ఆమె ఊపిరి నా మెడ వెనక వినిపిస్తోంది. మచ్చు అంచు వచ్చి మెడ మీద ఆనింది. అక్కడే ఉంది. మెల్లిగా నొక్కింది, తోలు తెగింది. నేను కదలలేదు. కదిలితే కుండ పడిపోతుందని ఒక్కటే భయం. అప్పుడు ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే మచ్చు పైకెత్తి కుండను కొట్టింది.

“వదిలెయ్” అంది. వెనక్కి వదిలాను. పగిలింది.

“పో హులిగప్పా, పో నాయనా” అంది ఆమె. ఆ తరువాత నాతో, “తిరిగి సూడొద్దు. నా వాకిలి ముందర ఎన్నటికీ కనపడొద్దు.”

నడిచాను. వెనక రాడ్డు రాళ్ళకు రాసుకున్న చప్పుడు. పరుగెత్తే అడుగులు. తిరిగి చూడాలని ఒళ్ళంతా అరిచింది. తిరిగితే ఆ కుండ పగలనట్టే. చేతులు చంకల్లో పెట్టుకుని నడిచాను. అడుగులు నా వీపు దగ్గరికి వచ్చాయి. అప్పుడు ఆమె గొంతు వినిపించింది.

“రుద్రేశా! కుండ పగిలినాక ఎనక పోగూడదురా. వాడు పోయినాడు. ఇంగ సాలు.”

అడుగులు ఆగిపోయాయి. ఎవరి మీదనో కోపం తీర్చుకుంటున్నట్టు రాడ్డు రాళ్ళ మీద మళ్ళీ మళ్ళీ కొట్టిన చప్పుడు. నేను మన గడప దాటేదాకా తిరగలేదు.

రెండు ఆదివారాలు అయ్యాయి. అమ్మ చర్చికి పోయింది, నేను గోడ దగ్గరే కూర్చున్నాను. ఉచ్చెంగమ్మ రాలేదు. ఆమె వాకిలి ముందు పడకుండా నేను వంక దారిన తిరిగి పోతున్నాను. దేశనూరులో వరి కోత మిషన్ నడిపే పని ఉందంటున్నారు. నువ్వు వచ్చాక పోతాను.

మల్లె ఆకులన్నీ రాల్చేసింది. ఎండిపోయిందని అమ్మ పీకబోయింది. గోటితో గీరి చూశాను, లోపల పచ్చగానే ఉంది.

కెన్నెత్.


బళ్ళారి, ఆసుపత్రి,
జూన్ మొదటి పొద్దు.

నా కొడుకా! నా కొడుకా!

నీ జాబు వార్డంతా వినేట్టు చదివించాను. ఎవరు చదివారో తెలుసా? నీ వార్డరు అయ్య! నన్ను చూడడానికి వచ్చాడు. సంచిలో ఉల్లిగడ్డ ఒకటి తెచ్చాడు, “మళ్ళీ మూర్ఛ వస్తే ఉండనీ పెద్దాయనా” అని. మచ్చు నీ మెడ మీద ఆనిన చోటికి వచ్చాక ఆయన జాబు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఉల్లిగడ్డ మా ఇద్దరికీ అక్కర రాలేదు.

నా చేతిలో ఇప్పుడు ఇనుప కడ్డీ ఉంది. వంగదు. పరవాలేదు, నీళ్ళ చెంబు ఎత్తడానికి ఎడమ చేయి చాలు. నీ చెవికి పసుపు పెట్టుకో. మల్లెకు మధ్యాహ్నం నీళ్ళు పోయొద్దు, వేరు ఉడికిపోతుంది. పొద్దున, పొద్దు గూకినాక, అంతే.

పెంకుల కుప్పను సుడుగాటి పక్క గుంటలో పూడ్చి రా. కుండల అడుగున వేసుకుందామని నేనే చెప్పాను గాని, ఇప్పుడు వద్దు. పాపి కనపడితే నా తరఫున నవ్వు. ఆ పిల్ల ముందే చెప్పింది, నేనే వినలేదు.

తొలకరి పడగానే అటక మీది డబ్బాలు దించు. సొట్టలు పోయేట్టు సుత్తితో కొట్టకు, అట్లే ఉండనీ. ఒక డబ్బాకు ఉచ్చెంగమ్మ నెత్తురు మరక ఉంటుంది. దాన్ని కడగొద్దు, లోపలి వైపుకు తిప్పి కనకాంబరం పెట్టు. నేను వచ్చేసరికి గోడ మీద వరసగా ఉండాలి. ఇంక మనకు తగరానివే చాలు నాయనా. ఇంక పగలనివే కావాలి.

నీ నాయన,
సాలొమోను.